బండి వెళ్ళని ఊరు

పిల్లలూ!

ముప్ఫై అయిదేళ్ళ కిందటి మాట. ఒకనాడు తరగతిలో భూగోళం చెబుతూ, హిందూ మహాసముద్రం పటంలో మడగాస్కర్‌కు తూర్పుగా వున్న ఒక చిన్న చుక్కను బెత్తంతో చూపించాను. "ఇది రీయూనియన్ ద్వీపం. ఫ్రాన్సు దేశానికి చెందినది. దీని నడుమ కొండల్లో మాఫాత్ అనే లోయ వుంది. అక్కడి ఊళ్ళకు రోడ్డు లేదు. ఎంతటివాడైనా నడిచి వెళ్ళవలసిందే" అన్నాను.

వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచి, "మాష్టారూ! బండి వెళ్ళని చోట ఊరు ఎందుకు కట్టుకున్నారండీ?" అని అడిగాడు.

అప్పటికే గంట కొట్టే వేళయింది. "పాపం, వెనకబడిన ప్రాంతం. కూర్చో" అన్నాను. ఆ జవాబు తప్పు. ఆనాడు ఆ కుర్రవాడికి చెప్పవలసిన అసలు జవాబు ఈ నెల మీకు చెబుతాను.

ముందు ఆ లోయ ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలి. సముద్రం అడుగున ఒకచోట భూగర్భం నుండి విపరీతమైన వేడి పైకి తన్నుకు వస్తూ వుంటుంది. అక్కడ కరిగిన రాయి పొరలు పొరలుగా పేరుకుని, లక్షల ఏళ్ళకు నీటిపైకి తల ఎత్తింది. అదే రీయూనియన్. ఈ పొయ్యికీ మనకూ ఒక పాత చుట్టరికం వుంది సుమా! సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట మన దేశపు నేల ఆ పొయ్యి మీదుగా జరిగిందనీ, అప్పుడు పొంగిన లావాయే దక్కను పీఠభూమిలో నల్లరాయిగా గడ్డ కట్టిందనీ చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తెలంగాణ పడమటి జిల్లాల్లో ఆ రాతిని మీరు చూడవచ్చు. తరువాత మన నేల ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి మాత్రం ఆరలేదు.

ద్వీపంలో రెండు పెద్ద అగ్నిపర్వతాలు వున్నాయి. ఒకదాని పేరుకు "కొలిమి శిఖరం" అని అర్థం. అది ఇప్పటికీ తరచు లావా కక్కుతూనే వుంటుంది. రెండవది "మంచు శిఖరం". 3,070 మీటర్ల ఎత్తు. ఇది వేల ఏళ్ళుగా నిద్రపోతున్నది. నిద్రపోయే కొండను వాన తినేస్తుంది. ఎలాగంటారా? పెరట్లో ఇసుక కుప్ప పోసి, చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పొయ్యండి. మొదట సన్నని గాడి పడుతుంది. తరువాత గాడి పక్కలు కూలి, అది లోతైన గుంట అవుతుంది. మంచు శిఖరానికి జరిగినదీ అదే. దాని చుట్టూ అలాంటి పెద్ద గుంటలు మూడు ఏర్పడ్డాయి. వాటిలో ఒకటి మాఫాత్.

అంత వాన కురుస్తుందా అనుకుంటున్నారా? 2007 ఫిబ్రవరిలో ఒక తుపాను వచ్చి, ఈ ద్వీపంలోని కొమ్మెర్సన్ అనే చోట మూడు రోజుల్లో 3,930 మిల్లీమీటర్ల వాన కురిసింది. మూడు రోజుల వానలో అది ప్రపంచ రికార్డు. మన తెలుగునాట చాలా చోట్ల ఏడాది పొడుగునా కురిసినా వెయ్యి మిల్లీమీటర్లు దాటదు.

మాఫాత్ చుట్టూ గోడల్లాంటి కొండలు లేచి వుంటాయి. కొన్ని చోట్ల ఆ గోడ ఎత్తు వెయ్యి మీటర్లు. లోపల అగాధాలూ, వాటి నడుమ బల్లపరుపుగా చిన్న చిన్న మిట్టలూ వుంటాయి. ఆ మిట్టల మీదనే ఊళ్ళు. మరి అక్కడికి మనుషులు ఎందుకు వెళ్ళారు?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ద్వీపానికి తెల్లవాళ్ళు వచ్చి కాఫీ తోటలూ, తరువాత చెరకు తోటలూ వేశారు. పనికి బానిసలను తెచ్చారు. వాళ్ళను మడగాస్కర్ నుండీ, ఆఫ్రికా నుండీ, కొందరిని మన దేశం నుండీ కూడా ఓడల్లో తెచ్చి అమ్మారు. బానిసకు కూలి లేదు. తన బిడ్డ తనది కాదు. ఆ బ్రతుకు భరించలేక కొందరు రాత్రివేళ పారిపోయి కొండలెక్కారు. వాళ్ళను వెతికి పట్టుకోవటానికీ, చంపటానికీ యజమానులు వేటగాళ్ళను పంపేవారు. గుర్రం ఎక్కలేని చోటు, బండి రాలేని చోటు, కొత్తవాడికి దారి దొరకని చోటు! పారిపోయినవాడికి అంతకంటె కోట ఏం కావాలి? అలా దాక్కున్న ఒక నాయకుడి పేరే మాఫాత్. ఆ పేరే లోయకు నిలిచింది.

1848 డిసెంబరు 20న ఆ ద్వీపంలో బానిసత్వం రద్దు అయింది. అరవై వేలమందికి పైగా విముక్తులయ్యారు. ఆ తరువాత విడుదలైనవాళ్ళు కొందరూ, సెంటు భూమి లేని బీద తెల్లవాళ్ళు కొందరూ మాఫాత్ చేరి, ఆ మిట్టల మీద మొక్కజొన్నా, చిక్కుళ్ళూ వేసుకుని బ్రతికారు. వీళ్ళ సంతతివారు ఇప్పటికీ అక్కడ వున్నారు. పది దాకా వున్న చిన్న ఊళ్ళలో అందరూ కలిసి సుమారు ఎనిమిది వందలమంది.

వాటిలో లా నూవెల్ అనే ఊరికి వెళ్ళి వద్దాం, రండి. "ఎద్దుల కనుమ" దాటి, కింద అడవిలోకి దిగాలి. సుమారు రెండు గంటల నడక. దారిలో "చింతల మైదానం" వస్తుంది. చింతకాయలు దొరుకుతాయని ఆశపడకండి! అవి చింతచెట్లు కావు, తుమ్మ జాతివి. లేత మొక్కల ఆకులు చింతాకులా వుంటాయి గనక ఆ పేరు. అడవి దాటితే ఊరు. రేకుల ఇళ్ళూ, ఒక చిన్న ప్రార్థనా మందిరం, ఒక బడి. కరెంటు తీగ ఊరిదాకా రాదు. ఇళ్ళ కప్పుల మీది పలకలు ఎండను పట్టి దీపాలు వెలిగిస్తాయి. ఇదివరకు బియ్యం బస్తా అయినా భుజం మీద రావలసిందే. ఇప్పుడు బరువైన సరుకు హెలికాప్టరు తాడుకు వేలాడుతూ వస్తుంది.

ఉత్తరాల మాట మరిచాను. 1951 నుండి నలభై ఏళ్ళపాటు ఇవ్రిన్ పోజే అనే పోస్టుమాను ఆ ఊళ్ళకు నడిచి ఉత్తరాలు అందించాడు. ఆయన నడక అంతా కూడితే రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిందని చెబుతారు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. ఆయన భూమిని ఎన్ని చుట్లు తిరిగినట్టు? పలక తీసి భాగించండి.

అక్కడ అంతా సుఖమే అని చెప్పను. రాత్రి జబ్బు చేస్తే, మబ్బు కమ్మితే, హెలికాప్టరు దిగలేదు. చిన్న తరగతులు ఊళ్ళోనే చదివిన పిల్లలు పైచదువుకు అమ్మానాన్నలను వదిలి కొండ దాటి వెళ్ళి వుండాలి. పదకొండేళ్ళ పిల్లకు అది తేలిక కాదు. పిల్లను పంపిన తల్లికి అంతకన్నా తేలిక కాదు.

అయినా, ఆనాటి కుర్రవాడికి ఇప్పుడు ఇలా చెబుతాను: "నాయనా! రోడ్డు రాక ఆ ఊరు వెనకబడిపోలేదు. రోడ్డు రాలేని చోటు గనకనే మనిషి అక్కడికి వెళ్ళాడు. అతనికి బండి కన్నా స్వేచ్ఛ ముఖ్యం." నువ్వు అడిగిన ప్రశ్న మంచిది. తొందరపడినవాడిని నేను.

పిల్లలూ, ప్రతి ఊరూ ఏదో ఒక కారణం వల్ల ఒకచోట వెలుస్తుంది. ఒక చోట చెరువు, ఒక చోట రేవు, ఒక చోట కోట. ఈ రాత్రి అన్నాల దగ్గర మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి: "మన ఊరు ఇక్కడే ఎందుకు వెలిసింది?" పెద్దలకు నా మనవి ఒకటే. ఎంత పొద్దుపోయినా "కూర్చో" అని మాత్రం అనకండి.