కొత్త టీచర్ పక్కన ఎవరున్నారు?



జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆఫీసుకు ఈ మాట తప్పకుండా వస్తుంది. "మేడమ్, మా బాబు సెక్షన్‌కి ఎవరో కొత్త టీచరట. పాత సార్ ఉన్న సెక్షన్‌కి మార్చండి." అలా అడగడంలో తప్పు లేదు. ఫీజు కడుతున్నారు, పిల్లవాడికి ఆరో తరగతి మళ్ళీ రాదు. కానీ మీరు కోరుకునే ఆ పాత సార్ కూడా ఒకప్పుడు కొత్తవారే. ఎవరో ఒకరి పిల్లల ముందు నిలబడి పని నేర్చుకున్నవారే. టీచర్ మన క్లాసుకు వచ్చేముందు ఎక్కడ, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో మనం అడగం. ఎన్నేళ్ళ అనుభవమో మాత్రం అడుగుతాం.

ఎంబీబీఎస్ చదివిన అబ్బాయిని నేరుగా ఆపరేషన్ థియేటర్‌లోకి ఒంటరిగా పంపరు. ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పెద్ద డాక్టర్ల వెనక తిరగాలి. సీఏ చదివేవారికి ఆర్టికల్‌షిప్ ఉంది. టీచర్ విషయానికొస్తే, 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ళ బీఈడీలో బడిలో గడపాల్సింది 20 వారాలు. కాగితం మీద తక్కువేం కాదు. అయితే ఆ వారాలు చాలాచోట్ల లెసన్ ప్లాన్ రికార్డులు నింపడంతోనూ, సెలవు పెట్టిన టీచర్ క్లాసులు చూసుకోవడంతోనూ గడిచిపోతాయి. పక్కన కూర్చుని నేర్పేవారు ఉండరు.

పక్కన కూర్చుంటే ఏమొస్తుంది అంటారా? ఒక చిన్న లెక్క చూడండి. 1/2కి 1/3 కలపమంటే పిల్లలు చాలామంది 2/5 అని రాస్తారు. పైవి కలిపారు, కిందవి కలిపారు. కొత్త టీచర్ "తప్పు, ఎల్‌సీఎం తీయండి" అని బోర్డు మీద పద్ధతి రాసేస్తారు. పిల్లలు దించుకుంటారు, వారం తర్వాత మళ్ళీ 2/5 అనే రాస్తారు. చెయ్యి తిరిగిన టీచర్ ఎల్‌సీఎం జోలికే వెళ్ళరు. "సగానికి ఇంకొంచెం కలిపావు కదా నాన్నా, మరి వచ్చింది సగం కంటే తక్కువేంటి?" అని అడుగుతారు. పిల్లవాడు ఆగి, తన జవాబు తనే కొట్టేసుకుంటాడు. ఈ ఒక్క ప్రశ్న ఏ డిగ్రీ సర్టిఫికెట్‌లోనూ కనిపించదు. అడిగేవారి పక్కనుండి చూసినవారికే వస్తుంది.

అమెరికా పెద్ద నగరాల్లో కొన్ని బడులు దీన్నే ఒక పద్ధతిగా మలుచుకున్నాయి. (అక్కడ పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడి. మన బోర్డుల మీద కనిపించే 'పబ్లిక్ స్కూల్' వేరు.) పేద పిల్లలు ఎక్కువగా చదివే ఆ బడుల్లోకి కొత్త టీచర్లు వచ్చి, తట్టుకోలేక రెండు మూడేళ్ళలో వెళ్ళిపోవడం పెద్ద సమస్య. 2001లో షికాగోలో, 2003లో బోస్టన్‌లో టీచర్ రెసిడెన్సీలు మొదలయ్యాయి. పేరు డాక్టర్ల దగ్గర అరువు తెచ్చుకున్నదే.

బోస్టన్‌లో ఏర్పాటు ఇలా సాగింది. ఎంపికైనవారు విద్యా సంవత్సరమంతా వారానికి నాలుగు రోజులు ఒక సీనియర్ టీచర్ క్లాసులోనే ఉంటారు. ఐదో రోజు పాఠాలు వారికి. ఏడాది చివర మాస్టర్స్ డిగ్రీ వస్తుంది. మొదట్లో చూడటం, తర్వాత నలుగురైదుగురు పిల్లలతో కూర్చోవడం, ఆ తర్వాత ఒక పాఠం, చివరికి కొన్ని వారాలు పూర్తిగా తామే చెప్పడం. ఖర్చులకు స్టైపెండ్ ఇస్తారు. బదులుగా మూడేళ్ళు ఆ నగరం బడుల్లోనే పనిచెయ్యాలి.

ఫలితం? ఇక్కడ దాచకుండా చెప్పాలి. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఇలా తయారైనవారు మొదటి ఏడాది లెక్కల్లో మిగతా కొత్త టీచర్లకంటే వెనకబడ్డారు. అయితే వేగంగా ఎదిగి, నాలుగు, ఐదో ఏళ్ళకి పాత టీచర్లను కూడా దాటేశారు. మార్కుల లెక్కకు దొరికిన టీచర్ల సంఖ్య చిన్నదే కాబట్టి దాన్ని మరీ పెద్దది చేసి చూపను. నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి. ఐదో ఏడాదికి వీరిలో నూటికి 75 మంది ఆ నగరం బడుల్లోనే మిగిలారు. మిగతా కొత్తవారిలో 51 మందే.

టీచర్ సంవత్సరం మధ్యలో వెళ్ళిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దసరా సెలవుల తర్వాత కొత్త ముఖం, సంక్రాంతి తర్వాత ఇంకో ముఖం. జీతం ఒక కారణం, కాదనను. కానీ నలభై మంది పిల్లల ముందు ఒంటరిగా నిలబడి, ఎవరినీ అడగలేక, రోజూ ఓడిపోతున్నాననుకునే అమ్మాయి బ్యాంకు కోచింగ్‌లో చేరడం కూడా కారణమే.

"అయితే మా పిల్లల మీద నేర్చుకుంటారా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెసిడెన్సీలో క్లాసు బాధ్యత సీనియర్‌దే. నేర్చుకునేవారి పొరపాటు గంట తిరక్కముందే సరిదిద్దబడుతుంది. మే నెలలో కొద్దిరోజుల ఓరియంటేషన్ ఇచ్చి జూన్‌లో సెక్షన్ అప్పగించే ఇప్పటి పద్ధతిలోనే పిల్లల మీద నేర్చుకోవడం నిజంగా జరుగుతోంది. మన సంస్థలోనూ అంతే. టీచర్ల శిక్షణ చూసే మనిషిగా ఈ మాట ఈ పేజీలో రాయడానికి నాకు మొహమాటం లేదు.

ఖర్చు ఉంటుంది. మెంటార్‌గా ఉండే టీచర్‌కి పీరియడ్లు తగ్గించాలి. నేర్చుకునేవారికి ఏడాది జీతం ఇవ్వాలి. ఒక్క జీతంతో ఇద్దరి పని చేయించుకుంటే అది రెసిడెన్సీ కాదు, చౌక కూలీ. ఈ భారం ఫీజుల్లోకి రాకూడదని, యాజమాన్యమే భరించాలని నా అభిప్రాయం. మధ్యలో వెళ్ళిపోయినవారి స్థానంలో మళ్ళీ మళ్ళీ వెతుక్కునే ఖర్చు ఎలాగూ మోస్తూనే ఉన్నాం. నాలుగేళ్ళ సమగ్ర బీఈడీని 2030 నాటికి కనీస అర్హత చేయాలన్నది 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం. ఆ విద్యార్థులు ప్రాక్టీసు కోసం మన గేటు దగ్గరికి కూడా వస్తారు. రికార్డులు నింపించి పంపుతామా, పక్కన కూర్చోబెట్టుకుంటామా అన్నది మన చేతిలో ఉంది.

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో "కొత్త టీచరా?" అని అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఆమె క్లాసులో వారానికి ఎన్ని పీరియడ్లు సీనియర్ కూర్చుంటున్నారు? ఆ సీనియర్‌కి అందుకు ఎన్ని పీరియడ్లు తగ్గించారు? నోటిమాట కాకుండా టైమ్‌టేబుల్ చూపించమనండి.