గొంతుకు తగ్గ మైకు



యాన్యువల్ డేలో పాట సరిగ్గా వినిపించకపోతే "గట్టిగా పాడు" అని పిల్లల్ని గదమాయిస్తాం. చాలాసార్లు ఆ తప్పు మైకుది.

స్టేజీ కోసం కొనేటట్లయితే, ఖరీదైన స్టూడియో కండెన్సర్ కన్నా డైనమిక్ మైకే మేలని నా అభిప్రాయం. కండెన్సర్ సున్నితమైనది, పక్కనున్న డ్రమ్స్‌నీ, స్పీకర్లనీ కూడా అందుకుంటుంది. దానికి మిక్సర్ నుంచి సాధారణంగా 48 వోల్టులు కావాలి. డైనమిక్‌కు అక్కర్లేదు. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఇప్పటికీ వేదికలపై కనిపిస్తుంది. అది ఎదుటి గొంతును పట్టుకుని, వెనక శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది.

కొనేముందు మీ పిల్లలతోనే పాడించి చూడండి. పెదవులకు దగ్గరగా పెడితే సన్నని గొంతుకు నిండుదనం వస్తుంది. జాలీని చేత్తో మూసేస్తే కుయ్‌మంటుంది. ఈ రెండూ ఇంట్లోనే నేర్పండి. స్టేజీ మీద పిల్లలు అరవక్కర్లేదు, పాడితే చాలు.