మందు తాగాక నింపే ఫారం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో చావు కోరిన రోగి డాక్టరు రాసిచ్చిన మందు తాగి కన్నుమూశాక, ఆ డాక్టరు ఆరోగ్యశాఖకు ఒక ఫారం నింపి పంపాలి. అందులో ఒకచోట ఏడు కారణాలు వరసగా ఉంటాయి. తన పనులు తాను చేసుకోలేకపోవడం, బతుకులో ఇష్టమైనవన్నీ దూరమవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, మర్యాద పోతోందన్న బాధ, ఇంట్లోవాళ్లకు భారమయ్యానన్న దిగులు, నొప్పి, వైద్యం ఖర్చు. ఒక్కోదాని ఎదురుగా అవును, కాదు, తెలియదు అని మూడు గళ్లు. రోగి వీటిలో వేటిని చెప్పుకున్నాడో డాక్టరు టిక్కు పెట్టాలి. అప్పటికి రోగి ఉండడు. ఆయన మనసు డాక్టరుకు ఎంత తెలిస్తే అంతే ఆ కాగితంలోకి ఎక్కుతుంది.

నేను క్యాన్సరు నొప్పికి మందులిచ్చే డాక్టర్ని. ఆ ఫారాలను కలిపి ఒరెగాన్ ఏటా విడుదల చేసే నివేదికను వదలకుండా చదువుతాను. కోలుకోలేని రోగి చావుకు డాక్టరు సాయపడవచ్చా అన్న చర్చ మన దగ్గరా అప్పుడప్పుడు రాజుకుంటుంది. రాజుకున్న ప్రతిసారీ నొప్పి దగ్గరే మొదలవుతుంది. భరించలేని నొప్పితో మెలికలు తిరిగే మనిషిని ఇంకా బతకమనడం ఏం దయ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాతికేళ్ల లెక్కల్లో కనిపించేది మాత్రం వేరే మనిషి.

2023లో ఒరెగాన్ చట్టం కింద మందు తాగి చనిపోయినవాళ్లు 367 మంది. నూటికి 92 మంది తమ పనులు తాము చేసుకోలేకపోతున్నామన్నారు. 64 మంది మర్యాద పోతోందన్నారు. 43 మంది ఇంట్లోవాళ్లకు భారమయ్యామన్నారు. నొప్పి మాట ఎత్తినవాళ్లు 34 మంది. అదీ అప్పుడు పడుతున్న నొప్పే కానక్కర్లేదు, రేపు వస్తుందేమోనన్న భయాన్నీ ఆ గడిలోనే కలుపుతారు.

1997లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఆషామాషీగా రాసింది కాదు. రోగి ఆరు నెలలకు మించి బతకడని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. మతి స్థిమితంగా ఉండాలి. రెండుసార్లు నోటితో, ఒకసారి రాతపూర్వకంగా అడగాలి. మందు తన చేత్తో తానే తీసుకోవాలి. ఇంత జాగ్రత్తగా రాసుకున్న చోట కూడా లెక్కలు మారుతూ వస్తున్నాయి కాబట్టే నాకు కలవరం. అజాగ్రత్త వల్ల జరిగిందని తోసెయ్యడానికి లేదు.

బ్రిటన్ పరిశోధకులు ముగ్గురు ఆ నివేదికలన్నీ ఒకచోట పెట్టి 2023లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లలో ఒకరైన ఇలోరా ఫిన్లే ఇలాంటి చట్టాలను బాహాటంగా వ్యతిరేకించే మనిషి. ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. కానీ అంకెలు ఒరెగాన్ ప్రభుత్వానివే. భారమయ్యామన్నవాళ్లు మొదటి అయిదేళ్లలో నూటికి 30 మంది, 2022లో 46 మంది. మందు రాసిన డాక్టరుకూ రోగికీ పరిచయం 2010లో 18 వారాలు, 2022కి 5 వారాలు. మానసిక వైద్యుడి దగ్గరకు పంపినవాళ్లు నూటికి ఒక్కరు. అయిదు వారాల కిందట గది తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషి, నేను ఎవరికీ బరువు కాకూడదు అంటే, ఆ మాట వెనక కోడలి విసుగుందో, బ్యాంకు అప్పుందో, నిజంగానే నిబ్బరంగా తీసుకున్న నిర్ణయముందో పోల్చుకోవడం నా వల్ల కాదు. నాకంటే అనుభవం ఉన్నవాళ్లకూ అవుతుందనుకోను.

మానసిక వైద్యుడి సంగతి కొంచెం ఆగి చూడాలి. ఒరెగాన్‌లోనే పనిచేసిన సైకియాట్రిస్టు లిండా గాన్జీని బృందం, చావుకు సాయం కోరిన 58 మందిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. 15 మందికి డిప్రెషన్ ఉంది. మొత్తమ్మీద 18 మందికి మందు చీటీ దొరికింది. ఆ 18 మందిలో డిప్రెషన్ ఉన్నవాళ్లు ముగ్గురు. ముగ్గురూ మందు తాగి చనిపోయారు. ముగ్గురే కదా అనొచ్చు. పద్దెనిమిదిలో ముగ్గురు. చట్టం చూస్తే, డాక్టరుకు అనుమానం వస్తేనే మానసిక పరీక్షకు పంపమంటుంది. చావు దగ్గరికొచ్చిన మనిషి దిగులుగా ఉంటే అది జబ్బని అనుమానించే డాక్టర్లు తక్కువ. ఉండదూ మరి, అనుకుంటాం.

ఇక ఆరు నెలల గడువు. నికొలస్ క్రిస్టాకిస్, ఎలిజబెత్ లామాంట్ 2000లో చేసిన అధ్యయనంలో 343 మంది డాక్టర్లు 468 మంది రోగులు ఎన్నాళ్లు బతుకుతారో చెప్పారు. కాస్త అటూ ఇటూగానైనా సరిగ్గా చెప్పింది నూటికి 20 మంది విషయంలో. 63 మంది విషయంలో ఉన్నదానికంటే ఎక్కువ కాలం చెప్పారు, 17 మంది విషయంలో తక్కువ చెప్పారు. మా తప్పులు ఎక్కువగా ఆశ వైపే మొగ్గుతాయన్నది నిజం. అయినా ఆ పదిహేడు మందీ మనుషులే.

రెండో పక్కనుంచీ ఒక మాట చెప్పాలి. 2023 ఆఖరుకి ఒరెగాన్‌లో 4,274 మందికి మందు రాస్తే, తాగి చనిపోయింది 2,847 మంది. దాదాపు మూడోవంతు తాగలేదు. ఇంట్లో ఉందన్న ధైర్యమే కొందరికి చాలిందని సమర్థకులంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. కెనడాలో ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే అక్కడ దాదాపు అందరికీ డాక్టరో నర్సో ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడ 2016 చట్టం సహజ మరణం కనుచూపు మేరలో ఉన్నవాళ్లకే అంది. 2021లో ఆ షరతు ఎత్తేశారు. ఇలా చనిపోయినవాళ్లు 2016లో సుమారు వెయ్యిమంది, 2023లో 15,343 మంది.

మన దేశంలో చావుకు సాయపడటం భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షను కింద నేరం, పదేళ్ల దాకా శిక్ష. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది వేరు: కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు లాంటివి ఆపెయ్యడం, అసలు పెట్టకపోవడం. 2023లో ఆ పద్ధతిని కొంత తేలిక చేసింది. రోగాన్ని దాని దారిన పోనివ్వడం అది, అందులో నాకు అభ్యంతరం లేదు.

కానీ ఎవరు ఎప్పుడు పోవాలో డబ్బు తేల్చడం మన దగ్గర ఏ చట్టమూ లేకుండానే జరుగుతోంది. ఐసీయూలో పనిచేసేవాళ్లలో 'లామా' తెలియనివాళ్లుండరు. డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని కుటుంబం రాసిచ్చే కాగితం. బిల్లు ఇక కట్టలేమన్న రోజున కొడుకో అల్లుడో సంతకం పెడతాడు. గొంతులో గొట్టం అలాగే ఉంటుంది. అంబులెన్సులో ఒకతను గాలి పంపే ఆంబూ బ్యాగు నొక్కుతూ ఊరిదాకా వస్తాడు, ఇంట్లో మంచం మీదికి దించాక గొట్టం తీసేస్తాడు. ఆ తర్వాత వచ్చే ఆయాసానికి మందు ఇవ్వమని ఎవరికీ చెప్పి పంపరు. కాగితం ప్రకారం ఇదంతా కుటుంబం ఇష్టం. 2021-22 జాతీయ లెక్కల ప్రకారం, ఆరోగ్యం మీద ఖర్చయ్యే ప్రతి వంద రూపాయల్లో 39 జనం జేబులోంచే పోతున్నాయి.

నొప్పి సంగతి ఇంకా అన్యాయం. నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు నల్లమందును శుద్ధి చేస్తాయి, దేశంలో గసగసాల సాగుకు చట్టబద్ధంగా లైసెన్సులున్నాయి. ఆ నల్లమందు నుంచే వచ్చే మార్ఫిన్ మాత్ర ఖరీదు కొన్ని రూపాయలు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల భయంతో ఆసుపత్రులు దాన్ని తెప్పించడం మానేశాయి. వాడకం 97 శాతం పడిపోయి 1997 నాటికి దేశమంతటికీ ఏడాదికి 18 కిలోలకు దిగింది. 2014లో చట్టం సవరించి దారి సుగమం చేశారు. అయినా 2017 లాన్సెట్ కమిషన్ అంచనా ప్రకారం, ఇలాంటి నొప్పి మందుల అవసరంలో మన దేశంలో తీరుతున్నది దాదాపు 4 శాతమే. చేతకాక కాదు. కోళికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో మొదలైన, కోలుకోలేని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ ఉద్యమం కేరళ పల్లెల దాకా పాకింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఏళ్లుగా ఈ పని చేస్తోంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి, 'ఆలన' పేరుతో ఇళ్లకు వెళ్లే బృందాలున్నాయి. అవి ఉన్న చోట ఏం మారుతుందో ఒక రైతు విషయంలో చూశాను.

నల్లగొండ వైపు మనిషి, దవడ క్యాన్సరు. నొప్పి పదికి ఎంతంటే తొమ్మిది వేళ్లు చూపాడు. "ఏదన్న సూదేసి పంపియ్యి సారూ" అన్నాడు. మార్ఫిన్ మొదలుపెట్టిన మూడో రోజుకి నొప్పి మూడుకు దిగింది, రాత్రి నిద్ర పట్టింది. మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. "ఇంకేం ఇబ్బంది పెద్దయ్యా?" చాలాసేపటికి చెప్పాడు. చిన్నకొడుకు ఉన్న రెండెకరాల్లో ఎకరం బేరానికి పెట్టాడు. పట్నం వచ్చిన ప్రతిసారీ కారు కిరాయి, కూలి పోవడం, బయట తిండి. "నేను బోతె భూమన్న మిగుల్తది గద."

మాత్రలు జిల్లా కేంద్రంలోనే ఇచ్చేలా, పుండు కట్టు మార్చడానికి నర్సు ఇంటికే వెళ్లేలా మాట్లాడాం. పట్నం ప్రయాణాలు ఆగాయి, భూమి బేరమూ ఆగింది. ఫోను చేసినప్పుడల్లా మలబద్ధకం గురించి తిట్టేవాడు. సూది మాట మళ్లీ ఎత్తలేదు. ఒరెగాన్ ఫారం నా బల్ల మీద ఉండి ఉంటే, ఆయన విషయంలో దాదాపు అన్నీ సరిపోయేవి. ఆరు నెలల లోపు మనిషి, మతి స్థిమితంగా ఉంది, రెండుసార్లు అడిగాడు. భారం దగ్గర ఒక టిక్కు, ఖర్చు దగ్గర ఒక టిక్కు. మన ఇళ్లలో, మన పొలాల లెక్కల్లో ఈ రెండు గళ్లు ఎంత తేలిగ్గా నిండుతాయో తెలిసే, ఇక్కడ అలాంటి చట్టం ఇప్పుడే వద్దంటున్నాను. నొప్పి మందుల అవసరంలో నూటికి నాలుగు వంతులే తీరుతున్నచోట రోగి దేన్ని కాదని దేన్ని ఎంచుకున్నట్టు?

అందరూ ఆ రైతులాంటివాళ్లు కారు. నొప్పి తగ్గినా, అప్పు లేకపోయినా, ఇంట్లో చూసుకునేవాళ్లున్నా అడుగుతూనే ఉండేవాళ్లు కొందరుంటారు. 2004లో హైదరాబాద్‌లో కండరాల జబ్బుతో మంచాన పడ్డ ఒక చెస్ ఆటగాడి కోరిక మరీ వేరు: తన అవయవాలు పాడయ్యేలోగా దానం చేసి పోతానన్నాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. అలాంటివాళ్లకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. చివరి రోజుల్లో ఏ మందుకూ లొంగని బాధకు మాత్రం ఒక దారి ఉంది, అది చట్టానికి లోబడిందే. రోగి ఒప్పుకుంటే, బాధ తెలియనంత మేరకు నిద్రమందు కొద్దికొద్దిగా పెంచుతూ నిద్రలో ఉంచడం. దీంతో ప్రాణం ముందే పోతుందన్న భయం డాక్టర్లలోనూ ఉంది. 2009లో ఇటలీ పరిశోధకులు పోల్చి చూస్తే, ఇలా నిద్రలో ఉంచినవాళ్లు దాదాపు 12 రోజులు, ఉంచనివాళ్లు దాదాపు 9 రోజులు బతికారు. ఆ నిద్రమందు అరుదైనదేమీ కాదు, ఆపరేషన్ థియేటర్లలో రోజూ వాడేదే. చావు అంచున ఉన్న మనిషికి దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత దగ్గర ఆపాలో నేర్చుకున్న డాక్టరు మాత్రం చాలా ఆసుపత్రుల్లో ఒక్కరూ లేరు.