అయిదు గళ్లలో మన పిట్ట

ఇంగ్లీషులో అయిదక్షరాల మాట. మొదట పీ, చివర ఏ, మధ్యలో రెండు టీలు పక్కపక్కనే. చెప్పుకోండి చూద్దాం.

తట్టలేదా? పర్లేదు, జవాబు కింద ఉంది.

వర్డిల్ ఆట గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రోజుకో మాట, అయిదు గళ్లు, ఆరు అవకాశాలు. అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ, మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. తిరుపతి బస్టాండులో పీలేరు బస్సు కోసం నిలబడిన పిల్లల ఫోన్లలోనూ ఈ గళ్లే. ఇరుక్కుపోతే గూగుల్ ఉండనే ఉంది. 'జీ, ఓ ఉన్న అయిదక్షరాల మాటలు' అని కొడితే చాంతాడంత జాబితా వచ్చిపడుతుంది. గళ్లు నిండుతాయి. మాట మాత్రం మర్నాటికి గుర్తుండదు.

మా వీధిలో ఓ గదిలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న పుత్తూరు అబ్బాయి ఒకడున్నాడు. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇలాంటి జాబితాలు రోజుకు యాభై మాటల చొప్పున బట్టీ కొడతాడు. "అర్థాలు కూడా చూస్తున్నావా?" అని అడిగాను. "అర్థం దాకా యాడ పోతాం సార్, ఇంగ్లీషు మనది కాదు కదా" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. పరీక్షలో మార్కులు తెచ్చుకున్నా, ఇంటర్వ్యూలో నోరు కట్టేసేది ఈ బెరుకే. అందుకే ఈ వారం అతనికీ, అతనిలాంటి మీకూ కొన్ని మాటలు ఏరి తెచ్చాను.

ముందు ఒక సంగతి. జోష్ వార్డిల్ అనే ఇంజనీరు తన సహచరి పలక్ షా కోసం ఈ ఆట తయారుచేశాడు. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. తయారీలో మొదట చేతికొచ్చిన అయిదక్షరాల మాటలు దాదాపు 12,000. అందులో పలక్ షాకు తెలిసినవి ఏరితే మిగిలినవి సుమారు 2,500! అంటే ఇంగ్లీషులోనే బతికేవాళ్లకు కూడా అయిదింట నాలుగు మాటలు కొత్తవే. మనకు తెలియకపోతే సిగ్గెందుకు?

ఇక మాటల్లోకి వద్దాం. అన్నీ అయిదక్షరాలే, అన్నిట్లో ఓ ఉంటుంది.

మ్యాంగో (ఎం-ఏ-ఎన్-జీ-ఓ): చిత్తూరు జిల్లాలో తోతాపురి తోటల మధ్య పెరిగినవాళ్లకు అర్థం చెప్పాలా! నగరి, సత్యవేడు వైపు తమిళం వచ్చినవాళ్లను అడగండి, 'మాంగా' అంటారు. మలయాళంలోనూ 'మాంగ'నే. దాన్ని పోర్చుగీసువాళ్లు ఓడెక్కించారు.

కోప్రా (సీ-ఓ-పీ-ఆర్-ఏ): ఎండుకొబ్బరి. ఇదీ మలయాళం నుంచి పోర్చుగీసు మీదుగా వెళ్లిందే. మన సీమలో 'కొబ్బెర' అంటాం కదా, చుట్టరికం వినబడటంలా?

గెకో (జీ-ఈ-సీ-కే-ఓ): బల్లి. అది అరిచే చప్పుడునే మలయా భాషవాళ్లు పేరుగా పెట్టారు. శేషాచలం కొండల్లో, రాళ్ల సందుల్లో ఉండే బంగారు బల్లి ఇంగ్లీషులో గోల్డెన్ గెకో.

లోరిస్ (ఎల్-ఓ-ఆర్-ఐ-ఎస్): దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నా ఇది కోతి జాతికి దగ్గర. నెమ్మదిగా కదులుతుందని డచ్చివాళ్లు 'మొద్దు' అనే అర్థమొచ్చే మాటతో పిలిచారంటారు. పాపం, మూఢనమ్మకాలతో దీన్ని పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు మొదటి పొడుపు. జవాబు పిట్టా. పీ-ఐ-టీ-టీ-ఏ. అవును, మన పిట్టే! 1816లో వియేయో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఒక పక్షిజాతికి ఈ తెలుగు మాటనే శాస్త్రీయనామంగా పెట్టాడు. మనకు పిట్ట అంటే ఏ చిన్న పక్షయినా సరే. ఇంగ్లీషులో మాత్రం పొట్టి తోకతో, నేల మీద ఆకుల్లో పురుగులు ఏరుకునే రంగురంగుల పక్షి. హిందీలో దాన్నే నవరంగ్ అంటారు. చలికాలానికి అది దక్షిణాదికి వలస వస్తుంది. బ్రిటన్‌లో ఇదే స్పెల్లింగుతో ఒక రకం రొట్టె కూడా ఉంది. దానికీ మన పిట్టకూ సంబంధం లేదు.

గమనించారా, మనకు రెండక్షరాల పిట్ట వాళ్లకు అయిదక్షరాలైంది. మనం అచ్చునూ హల్లునూ ఒత్తునూ కలిపి ఒకే అక్షరంగా రాస్తాం, వాళ్లు విడివిడిగా పరుస్తారు. ఆటలో జంట అక్షరాల దగ్గర మనం తడబడేది ఇందుకే. ఒక కిటుకు: మీరు రెండు టీలు వేస్తే ఒకటే రంగు మారి, రెండోది బూడిదైతే, జవాబులో ఉన్నది ఒక్క టీయే.

అయిదు దాటి తొమ్మిదికి వెళ్తే ఇంకో మనవాడున్నాడు: బ్యాండికూట్. మన పందికొక్కే! ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అలా తిరిగింది. ఆ పేరునే ఆస్ట్రేలియాలో, ఎలుకతో ఏ బంధుత్వమూ లేని ఓ సంచి జంతువుకు తగిలించారు. ఆ జంతువే 1996లో ప్లేస్టేషన్‌లో క్రాష్ బ్యాండికూట్ అనే హీరో అయింది. ఇక్కడ గాదెకింద తరిమికొట్టేదాని పేరు, అక్కడ పిల్లల గోడల మీద పోస్టరు!

పుత్తూరు అబ్బాయికి ఇదంతా చెబితే గట్టిగా నవ్వాడు. "అయితే పందికొక్కు పాసైంది, మనం కామా సార్?" అన్నాడు. ఇప్పుడు రోజుకు యాభై మానేసి అయిదే రాస్తున్నాడు. ఒక్కోదాని పక్కన అర్థం, తనకు తెలిసిన ఒక వస్తువో ఊరో, సొంతంగా ఒక వాక్యం. మీరూ ఓ వారం చేసి చూడండి.

వచ్చేవారానికి మీకో పొడుపు. అయిదక్షరాలు, సీతో మొదలు, వైతో ఆఖరు, మధ్యలో రెండు ఆర్‌లు పక్కపక్కనే. రెండు మాటలు తడతాయి. ఒకటి మోసుకెళ్లేది, ఇంకోటి అన్నంలో కలుపుకునేది. మన పొరుగు తమిళుల వంటింట్లోంచి వెళ్లింది ఏది?