అటకమీది పాటలు

తొలి తెలుగు టాకీయగు ‘భక్తప్రహ్లాద’ (1932) ప్రతి యొక్కటియు నేడు లభింపదు. బాపట్ల చెంతనున్న అప్పికట్లవారగు కొసరాజు రాఘవయ్యగారు పాటలు వ్రాసిన ‘రైతుబిడ్డ’ (1939) జమీందారుల యాగ్రహమునకు గురియై నిషేధింపబడినది. ఆనాటి పాటలను మన పల్లెలకు తెచ్చినవి గ్రామఫోను ప్లేట్లే.

ప్రత్తి తీత ముగిసి ఇల్లు సర్దునప్పుడు అటకమీద నవి దొరకినచో పాతసామానులవానికి వేయవలదని మా మనవి. అవి లక్కతో చేసినవి; ఎండకు వంగును, జారిన పగులును, స్పిరిటు సోకిన చెడును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, నీడపట్టున నిలువుగా నుంచుడు. ఉక్కుసూది గీతల నరుగదీయును గనుక, ఊరక మ్రోగింపక, తెలిసినవారిచే ప్రతి తీయింపుడు. విత్తునకు మిరపకాయలు దాచు నేర్పు మనకు క్రొత్త గాదు. ఈ గళములనుగూడ నట్లే దాచుదము.