ప్లాస్మాకు ఇంధనం అందేదెలా?

అయస్కాంత క్షేత్రాలతో బంధించిన ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు కేంద్రకాల నుంచి విడివడిన అత్యుష్ణ వాయువును, కోట్ల డిగ్రీలకు వేడి చేయడం గురించి రాసినంతగా, అందులో తరిగిపోయే ఇంధనాన్ని తిరిగి నింపడం గురించి ఎవరూ రాయడం లేదు. ఆ లోటు తీర్చాలన్నదే ఈ సంచిక సంకల్పం.

ప్లాస్మాను వలయాకారంలో నిలిపే తొలినాటి టోకమాక్‌లలో గోడ దగ్గరి కవాటం నుంచి డ్యుటీరియం వాయువును వదిలితే సరిపోయేది. కానీ ప్లాస్మా వేడెక్కి విస్తరించేకొద్దీ ఆ పరమాణువులు అంచులోనే అయనీకరణం చెంది, నడిమికి చేరకుండానే బయటపడతాయి. తటస్థ కణపుంజం లోతుకు వెళ్లగలిగినా అది ప్రధానంగా శక్తినే మోసుకెళుతుంది. కనుక హైడ్రోజన్ ఐసోటోపులను 20 కెల్విన్ల లోపు గడ్డకట్టించి, ఆ గుళికలను సెకనుకు వందల మీటర్ల వేగంతో లోపలికి పంపే పద్ధతి ముఖ్యమైంది; గుళిక పైపొర ఆవిరై, ఆ ఆవిరే కాసేపు దానికి కవచమవుతుంది.

విశేషమంతా దిశలో ఉంది. జర్మనీలోని ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ టోకమాక్‌పై 1990లలో జరిగిన ప్రయోగాలలో, క్షేత్రం బలంగా ఉండే వలయపు లోపలి వైపు నుంచి పంపిన ఇంధనం ప్లాస్మా నడిమి వైపు జరగగా, బయటి వైపు నుంచి పంపినది చాలావరకు వెనక్కి వచ్చేసింది. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ టోకమాక్ లోపలి మార్గాన్నే ఎంచుకుంది. అయితే వంపు గొట్టాలలో గుళిక పగలకుండా వేగాన్ని సెకనుకు సుమారు 300 మీటర్ల దగ్గర నిలపవలసి వస్తుంది. ఇంతచేసినా, పంపిన ట్రిటియం అనే హైడ్రోజన్ ఐసోటోపులో స్వల్పభాగమే సంలీనం చెందుతుంది, అంటే కేంద్రకాలు కలిసిపోతాయి; మిగిలినదంతా పంపులతో లాగి, శుద్ధిచేసి, మళ్లీ గడ్డకట్టించవలసిందే.