నొప్పి తగ్గినా కీలు పాతదే

చీలమండ బెణికితే ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, నెల తిరక్కుండా మర్చిపోతాం. ఆరు నెలల తర్వాత కూడా మెట్లు దిగేటప్పుడు కీలు లోపల నొప్పి పీకుతూంటే మాత్రం దెబ్బ లిగమెంటుతో ఆగలేదేమోనని అనుమానించాలి. చీలమండ కీలులోని టాలస్ అనే ఎముక పైపొర మృదులాస్థి, దాని అడుగు ఎముకతో సహా చితికి ఉండొచ్చు. ఎక్స్‌రేకు ఇది తరచూ చిక్కదు, ఎంఆర్ఐలో బయటపడుతుంది.

అప్పుడు వినిపించే మాట ఆర్థ్రోస్కోపీ. ఈ కీలు మరీ ఇరుకు, ఇందులోకి గొట్టం దూర్చలేమని అమెరికా వైద్యుడు మైకేల్ బర్మన్ 1931లో తేల్చేశాడు. జపాన్ వైద్యుడు మసాకి వతనబె 1972లో తన కేసులను ప్రకటించి అది సాధ్యమేనని చూపాడు. ఇప్పుడు చీలమండ ముందువైపు రెండు చిన్న గాట్లు చాలు. ఊడిన మృదులాస్థిని గీకి తీసేసి, అడుగు ఎముకకు సన్నని రంధ్రాలు పెడతారు. మజ్జ నుంచి ఊరిన రక్తం గడ్డకట్టి, క్రమంగా ఆ గుంట పూడుతుంది.

ప్రచురితమైన అధ్యయనాలను కలిపి చూస్తే సుమారు 80 శాతం మందికి ఫలితం బాగుంది. అంకె ఘనమైనదే. కానీ అది ప్రధానంగా నొప్పినీ, నడకనూ కొలిచిన అంకె. పూడిన పదార్థం అసలు మృదులాస్థి కాదు, మన్నిక తక్కువైన ఫైబ్రోకార్టిలేజ్. ఏడాది తర్వాత మళ్లీ కెమెరా పెట్టి చూస్తే, హాయిగా నడుస్తున్నవారిలోనూ కొందరికి అది అసంపూర్ణంగానే కనిపించింది. ఆపరేషన్‌కు ఒప్పించేటప్పుడు ఈ సంగతి చెప్పే డాక్టర్లు తక్కువ.

గాయం ఎంత పెద్దదన్నది తప్పక అడగండి. 150 చదరపు మిల్లీమీటర్ల దాకా ఈ పద్ధతి చాలనుకునేవారు. 2017 నాటి ఒక సమీక్ష ఆ హద్దును సుమారు 107కి దించింది. అంతకు మించితే మోకాలి నుంచి ఎముకతో సహా మృదులాస్థి ముక్క తెచ్చి అతికే పద్ధతి ఉంది. అయితే బాగున్న మోకాలికి కొత్త నొప్పి రావొచ్చు.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చంక కర్రలు తప్పవు. ఆటలకు నాలుగైదు నెలలు ఆగాలి. పాదం పైభాగానికి స్పర్శనిచ్చే నరం గాట్ల దారిలోనే ఉంటుంది కాబట్టి కొద్దిమందికి అక్కడ తిమ్మిరి మిగులుతుంది.